నెల కడితే ఏం రావాలి?



నెలలో ఏదో ఒక రోజు పొద్దున్నే ఫోను మోగుతుంది. చూస్తే బ్యాంకు మెసేజు. మీ ఖాతాలోంచి ఇంత సొమ్ము పోయింది అని ఉంటుంది. అది కరెంటు బిల్లు కాదు. గ్యాసు డబ్బు కాదు. చీటీ డబ్బు అసలే కాదు. పేరు చూస్తే ఎప్పుడూ విననిది. ఇంట్లో వాకబు చేస్తే చిన్నవాడు గోడకేసి చూస్తూ, "అది గేముకి నాన్నా, నెలనెలా పోతుంది" అంటాడు.

ఆ నెలనెలా పోయే డబ్బు గురించే ఇవాళ మాట్లాడుకుందాం. అది కట్టినందుకు మనకు ఏం రావాలి? ఏం రాదు? పిల్లలూ వినండి, పెద్దలూ వినండి. ఇంట్లో పోట్లాట పెట్టడానికి చెప్పడం లేదు. ఇద్దరూ కూర్చుని లెక్క చూసుకోవడానికి చెప్తున్నాను.

విరుదునగర్‌లో నాకు సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. సాయంత్రం బడి వదిలాక పిల్లలు గుంపుగా వచ్చి నిలబడతారు. ఒకడికి ఛార్జరు వైరు కావాలి. ఇంకొకడికి స్క్రీను మీద గ్లాసు వేయాలి. మాట మాత్రం అందరిదీ ఒకటే. రాత్రి ఎవడు ఎవణ్ని కాల్చాడు, ఎవడికి సరిగ్గా ఆఖరి నిమిషంలో లాగ్ కొట్టింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, గేములో హిందీ ఇంగ్లీషు కలిపిన తిట్లు. మూడూ ఒకే నోట్లో తిరుగుతుంటాయి.

ఈ గేములకు షరతులని కొన్ని ఉంటాయి. పేజీలకు పేజీలు, అంతా ఇంగ్లీషు. కింద ఒక గడి, అందులో టిక్కు. చదివి టిక్కు పెట్టినవాణ్ని నేనింతవరకు చూడలేదు. కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు దాకా, ఇటు అరుప్పుక్కోట్టై దాకా, ఈ కరిసల్ నల్లరేగడి నేల మీద తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. తెలుగు చదవగలిగినవాళ్లు తక్కువ. చదువంతా తమిళంలోనే కదా. ఇడైసేవల్ రచయిత కి.రా. గారంతటివారు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలోనే రాశారు. మన తెలుగు చెవితో వినే తెలుగు. అందుకే ఆ షరతుల్లో మనకు పనికొచ్చే ముక్క ఏదో రేడియోలో చెబుదామనిపించింది.

ఆన్‌లైన్ గేము అంటే ఒక్కడే కూర్చుని ఆడేది కాదు. ఎక్కడెక్కడివాళ్లో ఒకే ఆటలోకి వస్తారు. కోవిల్‌పట్టి కుర్రాడు, కౌలాలంపూర్ కుర్రాడు ఒకే జట్టులో ఉంటారు. వీళ్లందరినీ కలిపి ఉంచే పెద్ద కంప్యూటరు ఎక్కడో ఉంటుంది. దాన్ని సర్వర్ అంటాం. అది రాత్రీ పగలూ తిరుగుతూ ఉండాలి. అది ఆగితే ఆట లేదు.

ఈ ఆటలకు డబ్బు తీసుకునే తీరు అన్ని చోట్లా ఒకటి కాదు. కొన్ని ఊరికే ఇస్తారు, లోపల దుకాణం పెడతారు. కొన్నింటికి ఒక్కసారి కొంటే చాలు. కొన్నింటికి నెలకింత అని చందా. ఈ నెల చందా పాతదే. 1997లో అల్టిమా ఆన్‌లైన్ అనే ఆట వచ్చింది. అప్పుడే నెలకు పది డాలర్ల దాకా తీసుకున్నారు. 2004 నవంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చింది. నెలకు పదిహేను డాలర్లు. ఇరవై ఏళ్లు దాటినా జనం కడుతూనే ఉన్నారు. మన పిల్లలు ఫోనులో ఆడే ఆటల్లోనూ ఇప్పుడు వారం సభ్యత్వం, నెల సభ్యత్వం అని వచ్చేశాయి.

ఇక అసలు మాట. ఈ పూట మీరు ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు. నెల చందా ఆటకు కట్టే వెల కాదు. ఆటను నడిపే పనికి కట్టే కూలి. మళ్లీ చెప్తున్నాను. వెల కాదు, కూలి. వెల కట్టాక వస్తువు మనది. కూలి ఇచ్చాక పని జరగాలి. ఆ నెల పని ఆ నెల జరిగిందా లేదా అని చూడాలి.

ఉదాహరణకు మన కోవిల్‌పట్టినే తీసుకోండి. అది హాకీ ఊరు. లక్ష్మీ అమ్మాళ్ స్మారక అఖిల భారత పోటీలకు దేశం నలుమూలల నుంచి జట్లు వస్తాయి. ఒకప్పుడు మట్టినేల మీద ఆడిన ఊళ్లో ఇప్పుడు సింథటిక్ టర్ఫ్ ఉంది. ఆ టర్ఫ్ చూసినవాళ్లకు తెలుసు. ఆట మొదలయ్యే ముందు దాని మీద నీళ్లు కొట్టాలి. కొట్టకపోతే బంతి సరిగ్గా జారదు. పడ్డవాడికి మోకాలి చర్మం ఊడొస్తుంది.

అలాంటి మైదానానికి మీరు నెలనెలా చందా కడుతున్నారనుకోండి. ఆ డబ్బు దేనికి? కర్రకు కాదు, కర్ర మీరే కొన్నారు. మైదానం మీ పేరున రాసిచ్చినందుకూ కాదు. నీళ్లు కొట్టినందుకు. గీతలు గీసినందుకు. పొద్దు వాలాక దీపాలు వేసినందుకు. అంపైరు ఈల పట్టుకుని నిలబడినందుకు. గోల చేసేవాణ్ని బయటికి పంపినందుకు. ఇవన్నీ చేస్తే చందా న్యాయం. చేయకపోతే అడగాలి. అడిగినా చేయకపోతే వచ్చే నెల మానేయాలి. అంతే లెక్క.

గేము చందాకూ ఇదే లెక్క. సర్వర్ తిరగాలి. మోసగాళ్లను పట్టాలి. చెడింది బాగుచేయాలి. చెప్పకుండా దీపం ఆర్పకూడదు.

సర్వర్ తిరగడం సంగతి ముందు చూద్దాం. ఏ యంత్రమైనా అప్పుడప్పుడు ఆగుతుంది. వారానికి కొన్ని గంటలు ఆపి బాగుచేసుకుంటామని ముందే చెబితే దాన్ని తప్పు పట్టకూడదు. చెప్పి ఆపడం వేరు, చెప్పకుండా ఆగిపోవడం వేరు. ఆగిపోయినప్పుడు కంపెనీ ఏం చేసిందో చూస్తే దాని గుణం తెలుస్తుంది.

2021 డిసెంబరులో ఇలాంటిదే జరిగింది. ఫైనల్ ఫాంటసీ 14 అని ఒక జపాన్ ఆట ఉంది. దానికి నెల చందా. ఆ నెలలో కొత్త భాగం వచ్చింది. జనం విరగబడ్డారు. లోపలికి వెళ్లడానికి గంటల కొద్దీ క్యూ. చందా కట్టినవాడు కూడా వాకిట్లోనే నిలబడ్డాడు. అప్పుడు కంపెనీ ముందు ఏడు రోజులు, తర్వాత మరో పద్నాలుగు రోజులు ఉచితంగా కలిపింది. మొత్తం ఇరవైఒక్క రోజులు. అంతటితో ఆగలేదు. కొత్తవాళ్లకు ఆట అమ్మడమే కొన్నాళ్లు ఆపేసింది. గిరాకీ ఉండగా అంగడి మూసుకోవడం ఏ వ్యాపారికీ సులువు కాదు. విరుదునగర్ బజారులో తలలు నెరిసినవాళ్లను అడగండి, చెప్తారు. ఉన్నవాళ్లకు చోటు లేనప్పుడు కొత్తవాళ్లను పిలవకూడదు అనుకున్నారు చూడండి, ఆ పద్ధతి నాకు నచ్చింది.

2025 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ నెట్‌వర్క్ అనే ఆటల వేదిక ఒక రోజు పాటు ఆగిపోయింది. ప్రపంచమంతా ఆగింది. చందాదారులకు అయిదు రోజులు అదనంగా ఇచ్చారు. ఎందుకు ఆగిందో మాత్రం వివరంగా చెప్పలేదు. నిర్వహణలో ఇబ్బంది అన్నారు, అంతే. రోజులు ఇచ్చారు, సంతోషం. కారణం కూడా చెప్పాలి. కూలి ఇచ్చినవాడికి పని ఎందుకు ఆగిందో తెలుసుకునే హక్కు ఉంది.

కాబట్టి మీరు ఆడే ఆట రోజంతా ఆగిపోతే, ఆ రోజు తిరిగి కలిపారా అని చూడండి. కలపకపోతే రాసి అడగండి. చాలామంది అడగరు. స్నేహితుడికి ఫిర్యాదు చేస్తారు, కంపెనీకి చేయరు.

ఇప్పుడు లాగ్ సంగతి. అంటే మనం నొక్కింది ఆటలో ఆలస్యంగా జరగడం. దీని మీద మా దుకాణంలో రోజూ వాదన. "చందా కట్టినా లాగ్ అవుతోందన్నా, మోసం" అంటారు. ఇక్కడ కాస్త ఆగుదాం. ఇది కంపెనీ చేతిలో సగమే ఉంది.

మీరు వేలు నొక్కితే ఆ సంగతి సర్వర్‌కు వెళ్లాలి, జవాబు తిరిగి రావాలి. ఆ రాకపోకల సమయాన్నే పిల్లలు పింగ్ అంటారు. సంగతి గాజు తీగలో వెలుగులా పోతుంది. వెలుగు గాజులో సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. చాలా వేగమే. అయినా దూరం దూరమే. కోవిల్‌పట్టి నుంచి ముంబయి నేరుగా చూస్తే పన్నెండు వందల కిలోమీటర్లు. పోయి రావడానికి సెకనులో వెయ్యో వంతులు పన్నెండు పడతాయి. సింగపూర్ మూడు వేల కిలోమీటర్లు. పోయి రావడానికి ముప్ఫై. అమెరికా తూర్పు తీరం అయితే నూట నలభై. ఇది వెలుగు పెట్టిన హద్దు. ఏ కంపెనీ ఎంత డబ్బు పోసినా దీనికన్నా తగ్గించలేదు. నిజానికి తీగ నేరుగా రాదు, వంకర తిరుగుతూ వస్తుంది, మధ్యలో ఎన్నో పెట్టెలు దాటుతుంది. అందుకని ఇంకా ఎక్కువే పడుతుంది.

అయితే ఏం అడగాలి? చందా కట్టకముందే, మీ సర్వర్ ఎక్కడుంది అని అడగాలి. భారతదేశంలో ఉందా? సింగపూర్‌లో ఉందా? ఇంకా దూరమా? తుపాకీ ఆటలకు దగ్గర సర్వర్ లేకపోతే చందా దండగ. నిదానంగా ఆడే ఆటలకు, ఊరు కట్టే ఆటలకు దూరమైనా ఫరవాలేదు. ఇక మేడ మీద గదిలో, రెండు గోడల అవతలున్న వైఫై పెట్టుకుని, ఇంట్లో అందరూ సినిమా చూస్తుంటే వచ్చే లాగ్ ఉంది చూశారూ, దానికి కంపెనీని తిట్టకండి. అది మనింటి లాగ్.

ఇక అంపైరు సంగతి, అంటే మోసగాళ్లను పట్టే పని. గేములో దొంగాట ఉంది. గోడ వెనకున్నవాడు కనపడేలా చేసే దొంగ సాఫ్ట్‌వేరు ఉంది. గురి దానంతట అదే కుదిరేలా చేసేది ఉంది. పిల్లలు వాణ్ని హ్యాకర్ అంటారు. వాణ్ని పట్టడం కంపెనీ పని. అసలు చందాలో పెద్ద వాటా దీనికే పోవాలని నా అభిప్రాయం. ఫిర్యాదు చేయడానికి మీట ఉంటే సరిపోదు. ఫిర్యాదు ఏమైందో జవాబు రావాలి. తప్పు లేకుండా ఎవరి ఐడీ అయినా బ్యాన్ అయితే, వినడానికి ఒక మనిషి ఉండాలి. యంత్రం వేసిన శిక్షకు యంత్రమే అప్పీలు వింటే న్యాయం కాదు.

పిల్లలు ఆడే చోట మాటల మీద కాపలా కూడా అంపైరు పనే. మైకు పెట్టి అమ్మనీ అక్కనీ తిట్టేవాణ్ని ఆటలోంచి పంపాలి. తల్లిదండ్రులు ఒక్కసారి పక్కన కూర్చుని స్పీకరు పెట్టి వినండి. చందా దేనికి పోతోందో మీకే తెలుస్తుంది.

ఇంకో పేచీ ఉంది. చందా కట్టించుకుని, లోపల మళ్లీ దుకాణం పెట్టడం. రంగు చొక్కా అమ్మితే అమ్ముకోనీ. దాన్ని స్కిన్ అంటారు. కావాలన్నవాడు కొనుక్కుంటాడు. కానీ డబ్బిచ్చినవాడి తుపాకీకి ఎక్కువ దెబ్బ, ఇవ్వనివాడికి తక్కువ దెబ్బ అన్నారంటే, అంపైరు ఒక జట్టు దగ్గర డబ్బు పుచ్చుకున్నట్టే. చందా ఉన్న ఆటలో అది ఒప్పుకోకండి.

ఆట నియమాలు మార్చే సంగతి చెప్పాలి. ఇది పాత కథ, కానీ వినదగ్గది. స్టార్ వార్స్ గెలాక్సీస్ అనే ఆట 2003లో వచ్చింది. అందులో మనిషి తనకు నచ్చిన వృత్తి నేర్చుకోవచ్చు. ఒకడు వంటవాడు, ఒకడు దర్జీ, ఒకడు డాక్టరు. ఒక్కో వృత్తిలో పైకి రావడానికి నెలలు పట్టేది. 2005 నవంబరులో కంపెనీ ఆటను తలకిందులు చేసింది. ముప్ఫైకి పైగా ఉన్న వృత్తులను తొమ్మిదికి తగ్గించింది. ఆ మార్పు బయటపెట్టడానికి కొన్ని రోజుల ముందే ఒక కొత్త భాగం అమ్మి డబ్బు తీసుకుంది. జనం మండిపడ్డారు. ఆ భాగం డబ్బు వాపసిస్తామని కంపెనీ దిగి వచ్చింది. కానీ వెళ్లినవాళ్లు వెళ్లిపోయారు. 2011 డిసెంబరు 15న ఆ ఆట మూతబడింది.

దానికి ఎదురుగా ఇంకో ఆట ఉంది. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్. 2013లో మొదలైంది. అందులో ఏదైనా కొత్తది పెట్టాలంటే సభ్యుల ఓటు అడుగుతారు. మొదట నూటికి డెబ్బై అయిదు మంది ఒప్పుకోవాలన్నారు. తర్వాత డెబ్బైకి తగ్గించారు.  ఆ కంపెనీ కూడా 2025 జనవరిలో తప్పటడుగు వేయబోయింది. చందాలో రకరకాల అంతస్తులు పెడితే ఎలా ఉంటుంది, తక్కువ చందాకు ప్రకటనలు చూపిస్తే ఎలా ఉంటుంది అని సర్వే చేసింది. సభ్యులు గట్టిగా కసిరారు. కంపెనీ వెనక్కి తగ్గి క్షమాపణ చెప్పింది. చూశారా, అడిగితే వింటారు. అడిగేవాళ్లు పదిమంది ఉండాలి.

ప్రతి ఆటలో ఓటు ఉండాలని నేననను. ఇన్నాళ్లూ ఆడిన ఆటను మార్చేముందు మాట చెప్పమని మాత్రం అడగొచ్చు.

ఇప్పుడు ఆట మూతబడడం గురించి. ఇది కాస్త నిదానంగా చెప్తాను. పిల్లలకు ఎక్కువ నొప్పి కలిగించేది ఇదే.

మనవాళ్లకు దీని అనుభవం ఉంది. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. దాంతో పాటు ఇంకా చాలా యాప్‌లు, మొత్తం 118. అక్టోబరు 30న సర్వర్ మన దేశానికి పూర్తిగా ఆగిపోయింది. డబ్బు పెట్టి కొన్న స్కిన్లు, తుపాకీలు, ర్యాంకులు, అన్నీ ఆ రాత్రితో కనపడకుండా పోయాయి. తర్వాత 2021 జూలై 2న అదే ఆట బీజీఎంఐ అనే పేరుతో వచ్చింది. పాత ఖాతాలోని వస్తువులు మార్చుకోవడానికి కొంత గడువు ఇచ్చారు. గడువులోపల మార్చుకున్నవాళ్లకు దక్కాయి. 2022 జూలైలో అదీ యాప్ దుకాణాల్లోంచి మాయమైంది. 2023 మేలో మళ్లీ వచ్చింది. మన పిల్లలు మూడేళ్లలో ఇదంతా చూశారు.

ఇక్కడ ఒకటి గమనించండి. వస్తువులు మార్చుకోనిచ్చింది కంపెనీ దయ. మన హక్కు కాదు. షరతుల్లో ఎక్కడో రాసే ఉంటుంది. మీరు కొన్నది వస్తువు కాదు, వాడుకునే అనుమతి మాత్రమే అని.

చైనాలో 2023 జనవరి 23న వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆగిపోయింది. అక్కడ ప్రభుత్వం నిషేధించలేదు. ఆట చేసిన కంపెనీకీ, అక్కడ నడిపే కంపెనీకీ ఒప్పందం కుదరలేదు. రెండు పెద్ద కంపెనీలు తగువాడుకుంటే లక్షల మంది ఆట లేక మిగిలారు. 2024లో రాజీపడ్డారు, ఆట తిరిగొచ్చింది.

ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కుంటే ఈ బాధ ఉండదు కదా అంటారు. అదీ నమ్మకం లేదు. ది క్రూ అనే కార్ల పందేల ఆట 2014లో వచ్చింది. జనం పూర్తి వెల పెట్టి కొన్నారు. 2024 మార్చి 31న కంపెనీ సర్వర్ ఆపింది. కొన్నవాడు ఒంటరిగా ఆడుకోవడానికి కూడా లేకుండా పోయింది. దాని మీద రాస్ స్కాట్ అనే ఆయన ఉద్యమం మొదలుపెట్టాడు. ఆటలు చంపకండి అని నినాదం. యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసింది. డిజిటల్ సరుకు అమ్మేవాడు, ఇది అమ్మకం కాదు, అనుమతి మాత్రమే అని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలని. 2025 నుంచి అది అమలు.

కాబట్టి తమ్ముడూ, చెల్లీ. ఆట ఎప్పటికీ ఉంటుందని ఆశించకు. మైదానం ఏదో ఒక రోజు మూస్తారు. మూసేముందు నెలల ముందు చెప్పాలని ఆశించు. మూస్తామని తెలిసి కూడా లోపల దుకాణం తెరిచి అమ్ముతుంటే అడుగు. ఏడాది చందా ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు. కొత్త ఆటకు మాత్రం ఏడాదిది కట్టకు. నెల కట్టి చూడు. రెండో నెల పని నచ్చితే అప్పుడు ఆలోచించు.

ఇక చందా వేరు, పందెం వేరు. ఈ రెండూ కలిపేసి పెద్దలు కంగారు పడుతుంటారు. ఆన్‌లైన్ రమ్మీలో డబ్బు పోగొట్టుకుని ప్రాణాలు తీసుకున్నవాళ్ల సంగతులు మన రాష్ట్రంలో చాలా విన్నాం. తమిళనాడు శాసనసభ 2022లో దాని మీద చట్టం చేసింది. 2023 ఏప్రిల్‌లో గవర్నర్ ఆమోదం వచ్చింది. దేశం మొత్తానికి పార్లమెంటు 2025 ఆగస్టులో ఇంకో చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదించారు. డబ్బు ఒడ్డి డబ్బు గెలుస్తామనే ఆటలను అది నిషేధిస్తుంది. చందా కట్టి ఆడుకునే ఆటలను వేరుగా ఉంచింది. ఆ చందా పందెం కాకూడదు, అంతే షరతు. ఎవరైనా, చందా కట్టు, గెలిస్తే పదింతలు నీకు అన్నారంటే అది చందా కాదు. ఫోను పక్కన పెట్టేయండి.

ఇక ఆఖరిది, అందరికీ పనికొచ్చేది. బయటికి రావడం.

పోయిన వేసవిలో ఒకావిడ మా దుకాణానికి వచ్చింది. అరుప్పుక్కోట్టై పక్క పల్లె. ఫోను బల్ల మీద పెట్టి, "అబ్బాయి ఆ గేము తీసేశాడయ్యా. నా ఎదురుగానే తీసేశాడు. అయినా నెలనెలా డబ్బు పోతానే ఉంది. ఫోనులో ఏమన్నా దయ్యముందా?" అంది.

"దయ్యం కాదక్కా, అనుమతి. ఆట తీసేశాడు, అనుమతి అలాగే ఉంది" అన్నాను.

గేము యాప్ తీసేస్తే చందా ఆగదు. ఇది గట్టిగా చెప్తున్నాను. యాప్ తీసేస్తే చందా ఆగదు. చందా ఉండేది గేములో కాదు. ప్లే స్టోర్‌లో ఉంటుంది. బ్యాంకులో ఉంటుంది.

ఆవిడ ఫోనులో ముందు ప్లే స్టోర్ తెరిచాను. పై మూలలో గుండ్రంగా ఫోటో ఉంటుంది, అది నొక్కాను. పేమెంట్లు, సబ్‌స్క్రిప్షన్లు అని వస్తుంది. లోపలికి వెళ్తే ఏమేమి చందాలు నడుస్తున్నాయో వరసగా కనపడ్డాయి. గేముది ఒకటి. దాంతో పాటు ఫోటోలకు రంగులేసే యాప్‌ది ఇంకొకటి. అది ఎప్పుడు ఒప్పుకుందో ఆవిడకే తెలియదు. మూడు రోజులు ఉచితం అన్నప్పుడు నొక్కి ఉంటుంది. రెండూ రద్దు చేశాం.

తర్వాత ఆవిడ డబ్బు పంపుకునే యూపీఐ యాప్ తెరిచాం. అందులో ఆటోపే అని ఉంటుంది. ఎవరెవరికి నెలనెలా తీసుకునే అనుమతి ఇచ్చామో అక్కడ ఉంటుంది. ఒక్కో అనుమతికి ఎదురుగా గరిష్ఠంగా ఎంత తీసుకోవచ్చో కూడా రాసి ఉంటుంది. నెల చందా చిన్నదే అయినా ఆ గరిష్ఠం పెద్ద అంకె కావచ్చు. ఆ అంకె చూశాక ఆవిడ ఫోను నా చేతిలోంచి లాక్కుంది. తనే నొక్కింది, తనే పిన్ కొట్టింది. రద్దయింది.

ఇక్కడ రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమం ఒకటి మనకు అక్కరకొస్తుంది. 2021 అక్టోబరు నుంచి, నెలనెలా ఆటోమేటిగ్గా తీసుకునే ముందు ఇరవై నాలుగు గంటలకు తక్కువ కాకుండా మనకు మెసేజు రావాలి. రేపు ఇంత తీసుకుంటాం, వద్దంటే చెప్పు అని. మొదటిసారి పిన్ అడుగుతారు. ఆ తర్వాత పదిహేను వేల లోపు అయితే పిన్ అడగరు. అందుకే ఆ ముందు రోజు మెసేజు ముఖ్యం. ప్రకటనల మెసేజు అనుకుని తోసేయకండి. అది మీకు దొరికే ఒక్క రోజు గడువు.

బయటికి పోయే దారి దాచిపెట్టడం తప్పని ఇప్పుడు మార్గదర్శకాలు కూడా ఉన్నాయి. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పదమూడు రకాల మాయల పట్టీ ప్రకటించింది. చందా ఉచ్చు అందులో ఒకటి. రద్దు చేసే మీట దాచడం, రద్దు చేయబోతే తిప్పి తిప్పి విసిగించడం, ఉచితమని పిలిచి ముందే ఖాతా నుంచి తీసుకునే అనుమతి అడగడం, ఇవన్నీ ఉచ్చులోకే వస్తాయి. చేరడానికి ఒక్క నొక్కు చాలినప్పుడు, మానడానికి పది నొక్కులు ఎందుకు కావాలి? ఈ ఒక్క ప్రశ్నతో ఏ కంపెనీనైనా తూచొచ్చు. నేనయితే కొత్త ఆట చందా కట్టేముందే రద్దు చేసే చోటు ఎక్కడుందో వెతుకుతాను. దొరక్కపోతే చేరను.

అమ్మలకు ఒక మాట. ఫోను మీది, ఆట పిల్లవాడిది అయినప్పుడు, ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పకండి. పుట్టినరోజు తారీఖు పిన్‌గా పెడితే చెప్పినట్టే లెక్క. తెలియక పోయిన డబ్బయితే వెంటనే వాపసు అడగండి. రెండు రోజుల లోపల అడిగితే వచ్చే వీలు ఎక్కువ. నెల తర్వాత అడిగితే నసుగుతారు.

రద్దు చేస్తే ఆ రోజే ఆట పోతుందని పిల్లలు భయపడతారు. మామూలుగా అలా జరగదు. కట్టిన నెల ముగిసేదాకా ఆడుకోవచ్చు. కాబట్టి ఆఖరి రోజు దాకా ఆగక్కర్లేదు. కట్టిన రోజే రద్దు చేసి పెట్టుకోవచ్చు. నెలాఖరుకు కూర్చుని చూసుకోండి. సర్వర్ తిరిగిందా? హ్యాకర్లను పట్టారా? అడిగితే జవాబిచ్చారా? నీళ్లు కొట్టారనిపిస్తే మళ్లీ కట్టండి.

రద్దు చేసినా డబ్బు పోతుంటే, కంపెనీ జవాబివ్వకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. నంబరు 1915. మళ్లీ చెప్తున్నాను, 1915. ఫోను చేసే ముందు చేతిలో మూడు పెట్టుకోండి. డబ్బు పోయిన మెసేజు, రద్దు చేసినట్టు వచ్చిన మెయిలు, కంపెనీకి మీరు రాసిన ఫిర్యాదు. అక్కడ తమిళంలోనూ మాట్లాడతారు, తెలుగులోనూ మాట్లాడతారు. మీకు ఏది నోరు తిరిగితే అందులో చెప్పండి.